మొదటి తూటా మనవాడికే

ద్వేషం ఎదుటి గుంపు మీద మొదలవుతుందని అనుకుంటాం. శ్రీలంక గడిచిన డెబ్బై ఏళ్ల చరిత్ర చూస్తే, అది సొంతవాళ్ల నోరు మూయించడంతో మొదలైందని అర్థమవుతుంది.

1959 సెప్టెంబరు 25 ఉదయం. కొలంబో రోజ్‌మీడ్ ప్లేస్‌లో ప్రధానమంత్రి సాలమన్ బండారనాయకే సొంత ఇల్లు. అర్జీలు పట్టుకుని వచ్చిన జనంతో వరండా కిక్కిరిసి ఉంది. వాళ్ల మధ్య తల్దువే సోమారామ అనే బౌద్ధ భిక్షువు తన వంతు కోసం కూర్చున్నాడు. కంటి జబ్బులకు ఆయుర్వేద వైద్యం చేస్తాడని పేరున్నవాడు. ప్రధాని ఆయన దగ్గరికి వచ్చి, భిక్షువుకు చేయాల్సిన మర్యాద ప్రకారం చేతులు జోడించి వంగాడు. సోమారామ చీవరం మడతల్లోంచి పిస్తోలు తీసి కాల్చాడు. బండారనాయకే మర్నాడు ఆస్పత్రిలో కన్నుమూశాడు. పోయే ముందు, తనను కాల్చినవాడి మీద పగ పట్టవద్దని, అందరూ శాంతంగా ఉండాలని ప్రజలకు సందేశం ఇచ్చాడు.

అప్పటికి మూడేళ్ల కిందట సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసి సింహళ బౌద్ధులకు ఆరాధ్యుడైనవాడు ఈ బండారనాయకేనే. వందలాది భిక్షువులు ఊరూరా తిరిగి గెలిపించిన నాయకుడు. ఆయన్ని చంపింది తమిళుడు కాదు. మరో పదహారేళ్లకు, 1975 జులై 27న, ద్వీపం ఉత్తరపు కొసన పొన్నాలై వరదరాజ పెరుమాళ్ గుడి దగ్గర జాఫ్నా మేయర్ ఆల్ఫ్రెడ్ దురైయప్ప తుపాకీ గుళ్లకు బలయ్యాడు. ఆయన తమిళుడు. కాల్చిన కుర్రాళ్లూ తమిళులే. వాళ్ల నాయకుడికి అప్పటికి ఇరవై ఏళ్లు. పేరు వేలుపిళ్లై ప్రభాకరన్.

ఇక మన సంగతి చూస్తే, కుల సంఘాల పోస్టులు, హీరోల అభిమానుల తగాదాలు, మతం పేరిట నడిచే వాట్సాప్ గ్రూపులు మన ఇళ్లలో రోజువారీ సంగతులైపోయాయి. చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ఇంత కరుడుగట్టి ఎలా మాట్లాడుతున్నారని పెద్దలు బెంగపడుతున్నారు. అవతలి గుంపు మీద ద్వేషమే దీనికి మూలమన్నది అందరూ ఇచ్చే జవాబు. అది సగం నిజమే. ఒక గుంపు తీవ్రవాదంలోకి జారే దారిలో అంతకన్నా ముందు వచ్చే మలుపు ఒకటుంది. తన వాళ్లలోనే భిన్నంగా మాట్లాడేవాణ్ని ద్రోహి అనడం. ఆ మలుపు దాటాక గుంపును వెనక్కి పిలిచే గొంతు మిగలదు. దీనికి శ్రీలంకలో దొరికినంత స్పష్టమైన సాక్ష్యం మరోచోట దొరకడం కష్టం.

ఇరవై నాలుగు గంటల వాగ్దానం

1948లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి సింహళులు జనాభాలో దాదాపు 70 శాతం. పాలన మాత్రం ఇంగ్లిషులో నడిచేది. ఇంగ్లిషు చదువుకున్నవాళ్లు పిడికెడు మంది. మిషనరీ బడులు ఎక్కువగా ఉన్న జాఫ్నా తమిళులు ప్రభుత్వోద్యోగాల్లో తమ జనాభా నిష్పత్తికి మించి ఉండేవారు. పల్లెటూరి సింహళ యువకుడికి తన భాషలో చదివితే ఉద్యోగం రాదన్న బాధ ఉండేది. అది న్యాయమైన బాధ. సింహళానికీ తమిళానికీ కలిపి హోదా ఇచ్చి ఉంటే తీరిపోయేది. నిజానికి స్వాతంత్ర్యానికి ముందు చాలామంది నాయకులు కోరింది కూడా అదే.

బండారనాయకే పుట్టుకతో ఆంగ్లికన్ క్రైస్తవుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1926లో, ఈ ద్వీపానికి సమాఖ్య పద్ధతి నప్పుతుందని వాదించినవాడు. తర్వాత బౌద్ధం స్వీకరించాడు, 1951లో సొంత పార్టీ పెట్టాడు. 1956 ఎన్నికల నాటికి బుద్ధుడి పరినిర్వాణానికి 2,500 ఏళ్ల ఉత్సవాల ఊపు దేశమంతా ఉంది. అధికారంలోకి వస్తే ఇరవై నాలుగు గంటల్లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేస్తానన్నాడు. ఘనంగా గెలిచాడు. జూన్‌లో చట్టం వచ్చింది. పార్లమెంటులో బిల్లు పెట్టిన రోజు గాల్ ఫేస్ మైదానంలో శాంతియుతంగా సత్యాగ్రహానికి కూర్చున్న తమిళ నాయకుల్ని మూకలు కొట్టాయి. రెండు భాషలైతే ఒకే దేశం నిలుస్తుందని, ఒకే భాషైతే దేశం రెండవుతుందని వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డిసిల్వా హెచ్చరించాడు. ఆయన సింహళుడే. ఆ మాట చెప్పినందుకు ఆ పక్షం తర్వాతి కాలంలో భారీగా మూల్యం చెల్లించింది. చివరికి ఓట్ల కోసం తానే ఆ వాదాన్ని వదులుకుంది.

---

కండీ సింహాసనంపై తెలుగు మూలాలు

*సింహళ, తమిళ అనే గీత ఎప్పటినుంచో ఇంత గట్టిగా ఉందనుకుంటే పొరపాటు. కండీ రాజ్యాన్ని 1739 నుంచి 1815 వరకు ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నాయకుల బంధువర్గం వారు. తెలుగు మూలాలున్న వంశం అది. వీరిలో కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి, ద్వీపంలో ఆగిపోయిన ఉపసంపద దీక్షను మళ్లీ మొదలుపెట్టించాడు. నేటికీ శ్రీలంకలో అతిపెద్ద భిక్షు సంఘం ఆ సయాం నికాయమే. 1760లో ఆయన్ని దించేందుకు కొందరు సామంతులు, భిక్షువులు కుట్ర పన్నిన మాటా నిజమే. అయినా ఆ వంశం మరో యాభై ఏళ్లు ఏలింది. ఇప్పటికీ ఆ దేశంలో అహికుంటిక అనే చిన్న సంచార సమాజం ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది.*

---

చింపేసిన ఒప్పందం

అధికారంలో కూర్చున్నాక బండారనాయకేకు సమస్య లోతు తెలిసింది. 1957 జులైలో తమిళ ఫెడరల్ పార్టీ నాయకుడు ఎస్.జె.వి. చెల్వనాయకంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ప్రాంతీయ మండళ్లకు కొన్ని అధికారాలు, తమిళ ప్రాంతాల పాలనలో తమిళానికి చోటు. అంతే. దేశాన్ని ముక్కలు చేసే సంగతి అందులో ఏదీ లేదు. కానీ ప్రతిపక్షంలో ఉన్న జె.ఆర్. జయవర్ధనే దీన్ని సింహళ జాతికి ద్రోహమన్నాడు. కండీకి పాదయాత్ర కట్టాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించి, ఒప్పందం రద్దు చేస్తున్నట్టు రాసి ఇచ్చేదాకా కదలలేదు. ఆయన రాసిచ్చాడు. మర్నెలలో దేశమంతా తమిళుల మీద దాడులు జరిగాయి. వందల ప్రాణాలు పోయాయి.

ఇక్కడ నడిచిన వ్యవహారాన్ని జాగ్రత్తగా చూడాలి. బండారనాయకేను లొంగదీసింది తమిళులు కాదు. ‘నీకన్నా మేమే అసలైన సింహళులం’ అని ముందుకొచ్చిన సింహళులు. 1965లో ఇదే కథ తిరగబడింది. ఈసారి డడ్లీ సేనానాయకే, జయవర్ధనేల పార్టీ అధికారంలోకి వస్తూ చెల్వనాయకంతో ఒప్పందం చేసుకుంటే, బండారనాయకే పెట్టిన పార్టీ ద్రోహమని గగ్గోలు పెట్టింది. అదీ అటకెక్కింది. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వారు జాతి కాపలాదారులు, ఎవరు రాజీ పడితే వారు ద్రోహులు. పోటీ ఎప్పుడూ ‘మనలో ఎవరు ఎక్కువ మనవాళ్లు’ అనే దాని మీదే.

బండారనాయకే హత్య వెనక జాతివాదం ఏముందని అడగవచ్చు. కుట్రకు సూత్రధారిగా కోర్టు తేల్చిన మాపిటిగమ బుద్ధరక్ఖిత కెలనియ ఆలయ ప్రధాన భిక్షువు. ఆయనకు వ్యాపార కాంట్రాక్టులు దక్కని కోపం ఉందన్నది విచారణలో బయటపడ్డ విషయమే. కాబట్టి దీన్ని కేవలం సిద్ధాంతం కోసం జరిగిన హత్య అనడానికి లేదు. అయితే ఒక ఆలయ భిక్షువు ప్రధానిని శాసించగలిగే స్థితి ఎక్కడినుంచి వచ్చింది? జాతి పేరిట, మతం పేరిట 1956లో భిక్షువుల్ని వీధుల్లోకి దింపిన ఎన్నికల నుంచే కదా. జాతికి తామే హక్కుదారులమని అనుకున్నవారికి, ఆ జాతి ఎన్నుకున్న ప్రధాని ఒక అడ్డంకి మాత్రమే.

జాఫ్నాలో అదే తర్కం

తమిళుల గాయాలు కల్పితం కావు. 1948 పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లో పనిచేసే దాదాపు ఏడు లక్షల మంది భారత మూలాల తమిళులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1970ల మొదట్లో వైద్య, ఇంజినీరింగ్ సీట్లకు తమిళ మాధ్యమం పిల్లలు ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సిన పద్ధతి పెట్టారు. 1972 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది. చెల్వనాయకం పాతికేళ్లపాటు సత్యాగ్రహాలు చేసి, ఒప్పందాలు రాసుకుని, అన్నీ చెత్తబుట్టలో పడటం చూశాడు. ఆయన అనుచరుల్లో సహనం చచ్చిపోయిందంటే తప్పు వాళ్లది కాదు.

తప్పు మరోచోట జరిగింది. ప్రభుత్వ పక్షంలో ఉన్న తమిళుల్ని, అంటే దురైయప్ప లాంటివాళ్లని, తమిళ పార్టీల వేదికల మీద ద్రోహులని తిట్టడం అలవాటైంది. దురైయప్ప ఊరికి పనులు చేయించి పెట్టే రాజకీయ నాయకుడు, జనంలో పలుకుబడి ఉన్నవాడు. ఓడించాలంటే ఎన్నికలున్నాయి. వేదిక మీది తిట్టును ఆవేశం కోసం వాడుతున్నామని నాయకులు అనుకున్నారు. కింద నిల్చుని విన్న కుర్రాళ్లు దాన్ని తీర్పుగా తీసుకుని అమలు చేశారు. ఆ హత్యను గట్టిగా ఖండించడానికి పెద్దలకు నోరు రాలేదు.

1977 ఎన్నికల్లో తమిళ కూటమి నాయకుడు ఎ. అమృతలింగం పార్లమెంటులో ప్రతిపక్ష నేత అయ్యాడు. యువకుల్ని ‘మా కుర్రాళ్లు’ అని వెనకేసుకొచ్చిన తరం నాయకుడాయన. 1989 జులై 13న కొలంబోలో మాట్లాడే పని ఉందని ఇంటికి వచ్చి, టీ తాగి, ప్రభాకరన్ సంస్థ ఎల్టీటీఈ మనుషులు ఆయన్ని కాల్చి చంపారు. పక్కనే ఉన్న మాజీ ఎంపీ యోగేశ్వరన్‌ కూడా చనిపోయాడు. యోగేశ్వరన్ భార్య సరోజిని తర్వాత జాఫ్నా మేయర్ అయింది. 1998లో ఆమెనూ చంపారు. ఆమె తర్వాత మేయరైన శివపాలన్‌దీ అదే ఏడాది అదే గతి.

---

గీత గీస్తే చాలు

*మనస్తత్వవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు. నాజీల చేతుల్లో కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బడిపిల్లలతో ఆయన చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఏ చిత్రకారుడి బొమ్మ నచ్చిందన్న చిన్న సాకుతో పిల్లల్ని రెండు గుంపులన్నారు. గుంపులో ఎవరున్నారో కూడా వాళ్లకు తెలియదు. డబ్బు పంచమంటే తమ గుంపుకే మొగ్గారు. తమకు కాస్త తక్కువొచ్చినా సరే, అవతలి గుంపుకన్నా తేడా ఎక్కువుండేలా పంచినవారూ ఉన్నారు. కానీ ఆ పిల్లలెవరూ ఎవరినీ కొట్టలేదు. పక్షపాతం నుంచి తుపాకీ దాకా ఉన్న దూరాన్ని ఈ ప్రయోగం చెప్పదు.*

---

శత్రువుకన్నా ప్రమాదకారి

ఎందుకిలా? అవతలి గుంపు శత్రువు వల్ల తీవ్రవాదికి నష్టం లేదు. వాడు ఎంత క్రూరంగా ఉంటే ఇతని మాట అంత రుజువవుతుంది. సొంత గుంపులో సంయమనం పాటించేవాడితోనే ఇతనికి అసలు ముప్పు. ‘మనమంతా ఒకటే, మన మాట ఒకటే’ అన్నదాన్ని ఆ ఒక్కడు ఉనికితోనే అబద్ధం చేస్తాడు. పైగా అవతలి వాళ్లకు మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉన్నాడన్న ఆశ కల్పిస్తాడు. అందుకే అతణ్ని ముందుగా తీసేస్తారు.

రజనీ తిరణగమ జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్ర విభాగాధిపతి. ఒకప్పుడు ఎల్టీటీఈకి సానుభూతిపరురాలు. శ్రీలంక సైన్యం, భారత శాంతి సేన, ఎల్టీటీఈ, ఇతర తమిళ ముఠాలు ఎవరేం చేసినా సహచర అధ్యాపకులతో కలిసి రాసి పెట్టింది. ఆ బృందం పుస్తకం ‘ద బ్రోకెన్ పామైరా’లో ఆమె తన సమాజాన్ని ప్రశ్నించింది. 1989 సెప్టెంబరు 21న సైకిల్ మీద ఇంటికి వెళ్తుండగా కాల్చేశారు. ముప్ఫై అయిదేళ్లు. ఇద్దరు ఆడపిల్లల తల్లి. రాజ్యాంగ నిపుణుడు నీలన్ తిరుచెల్వం అధికార వికేంద్రీకరణకు ముసాయిదా రాయడంలో పాలుపంచుకున్నందుకు 1999లో మానవబాంబుకు బలయ్యాడు.

అవతలి వైపూ ఇదే. 1987లో భారత్‌తో ఒప్పందాన్ని సమర్థించాడన్న కారణంగా సింహళ సినిమా ఆరాధ్య నటుడు, రాజకీయ నాయకుడు విజయ కుమారతుంగను 1988 ఫిబ్రవరిలో ఇంటి గేటు దగ్గరే కాల్చి చంపారు. చంపింది సింహళ తీవ్రవాద పార్టీ జేవీపీ సాయుధ విభాగానికి చెందిన సింహళ యువకులని తేలింది. విజయ కుమారతుంగ ప్రధాని బండారనాయకేకు అల్లుడు. ఒకే కుటుంబంలో మామా అల్లుళ్లిద్దరూ సొంత జాతివాళ్ల తూటాలకే పోయారు. 1987 నుంచి 1989 వరకు జేవీపీ చంపిన సింహళులు, జేవీపీ పేరుతో ప్రభుత్వ బలగాలు మాయం చేసిన సింహళులు కలిపి వేలకు వేలు.

గుంపు నిర్వచనం ఒకసారి బిగుసుకోవడం మొదలైతే ఆగే చోటు ఉండదు. 1986లో ఎల్టీటీఈ సాటి తమిళ ఉద్యమ సంస్థ టెలోను తుడిచిపెట్టి, దాని నాయకుడు శ్రీ సభారత్నంను చంపింది. 1990 అక్టోబరులో ఉత్తర ప్రాంత ముస్లింలందర్నీ వెళ్లగొట్టింది. దాదాపు 70 వేల మంది. వాళ్ల మాతృభాష తమిళమే. జాఫ్నా పట్నంలో వాళ్లకిచ్చిన గడువు రెండు గంటలు. భాష పేరుతో మొదలైన పోరాటం అదే భాష మాట్లాడే ఇరుగుపొరుగును మూటాముల్లెతో రోడ్డు మీదికి నెట్టింది. ఈ మొత్తం చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఈ రెండు గంటలే.

ఒకరికొకరు ఆసరా

1983 జులై 23న జాఫ్నాలో ఎల్టీటీఈ మాటువేసి 13 మంది సైనికుల్ని చంపింది. మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి. మూకల చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి. వెలికడ జైల్లో రెండు విడతల్లో 53 మంది తమిళ ఖైదీల్ని చంపారు. మృతులు నాలుగు వందల లోపేనని ప్రభుత్వం అంటే, మూడు వేల దాకా అని ఇతర అంచనాలు. అదే వారంలో ఎందరో సింహళులు తమిళ పొరుగువారిని ఇళ్లలో దాచి కాపాడారు. వాళ్లు లేకపోతే చావులు ఇంకా పెరిగేవి. కానీ వాళ్ల మంచితనానికి రాజకీయ గొంతు లేదు. ప్రెసిడెంట్ జయవర్ధనే టీవీలో మాట్లాడుతూ తమిళ బాధితుల్ని ఓదార్చలేదు. ఆ జులైకి ముందు కొన్ని పదుల మందితో ఉన్న సాయుధ సంస్థల్లోకి తర్వాత వేలమంది యువకులు చేరారు. ప్రభాకరన్ పదేళ్లు ప్రచారం చేసినా రానివాళ్లను కొలంబో మూకలు వారంలో తెచ్చిచ్చాయి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం చివరి వరకూ సాగింది. 2005 అధ్యక్ష ఎన్నికల్లో, చర్చలకు సుముఖంగా ఉన్న రణిల్ విక్రమసింఘేకు తమిళుల ఓట్లు పడే అవకాశం ఉండగా, ఎల్టీటీఈ తన ప్రాంతాల్లో పోలింగ్‌ను బహిష్కరింపజేసింది. కఠిన వైఖరి ఉన్న మహింద రాజపక్ష రెండు లక్షల లోపు ఆధిక్యంతో గెలిచాడు. నాలుగేళ్లకు, 2009 మేలో, ఆయన సైన్యం ముల్లైత్తీవు తీరంలో ఎల్టీటీఈని తుదముట్టించింది. ఆ ఆఖరి నెలల్లో 40 వేల దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పేర్కొంది. సైన్యం గుళ్లు కురిపించింది ఎవరి మీద? తమిళ పౌరుల మీద. పారిపోతున్న పౌరుల్ని వెనకనుంచి కాల్చినవాళ్లెవరు? ఆ పౌరుల కోసమే పోరాడుతున్నామన్నవాళ్లు.

‘మరి అణగారినవాళ్లు ఏకం కావద్దా?’

ఈ వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. గుంపుగా నిలబడకపోతే బలహీనుడికి న్యాయం దక్కదు. అంబేద్కర్ లేకుండా, ఉద్యమాలు లేకుండా దళితులకు ఏం దక్కేది? అణచివేసేవాడి గుంపునీ, అణచివేతకు గురైనవాడి గుంపునీ ఒకే గాటన కట్టడం అన్యాయం కాదా? అవును, కట్టకూడదు. శ్రీలంకలో కూడా మొదటి తప్పు, పెద్ద తప్పు రాజ్యానిది. నేను అంటున్నది గుంపులు వద్దని కాదు. ఒక గుంపు ఆరోగ్యాన్ని పరీక్షించాలంటే అది శత్రువును ఏమంటోందో కాదు, తనలోని అసమ్మతివాదిని ఏం చేస్తోందో చూడాలని.

దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని భూస్వాముల మూక చంపింది. దాన్నుంచి పుట్టిన దళిత మహాసభ కసి తీర్చుకునే దారి పట్టలేదు. శిబిరం పెట్టింది, కోర్టులకెళ్లింది, రాష్ట్ర రాజకీయ భాషనే మార్చింది. తర్వాత ఆ దళిత ఐక్యతలోంచే పెద్ద విభేదం వచ్చింది. రిజర్వేషన్ల ఫలాలు సమంగా అందడం లేదంటూ 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. మాటలు పడ్డారు, మనసులు విరిగాయి, ‘ఐక్యతను చీలుస్తున్నారు’ అన్న నింద ఇరువైపులా తిరిగింది. అయినా ముప్ఫై ఏళ్ల ఆ వివాదం పాదయాత్రల్లో, కమిషన్లలో, అసెంబ్లీలో, కోర్టుల్లో నడిచింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర్పు మీద ఇప్పటికీ వాదనలున్నాయి, ఉండనివ్వండి. తీవ్రమైన అన్యాయానికి గురైన సమాజం కూడా తనలోని భేదాన్ని తుపాకీ లేకుండా మోయగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

ఇదంతా నాయకుల ఆట, మామూలు జనానికేం సంబంధం అనేవారూ ఉన్నారు. నాయకులే అగ్గి రాజేస్తారన్నది నిజం. కానీ దురైయప్ప హత్య తర్వాత, 1958 తర్వాత, లోపల బాధపడిన లక్షల మంది బయటికి మాట్లాడలేదు. మొదటివాణ్ని ద్రోహి అన్నప్పుడు ఊరుకున్నవాళ్లకు రెండోవాడి వంతు వచ్చేసరికి మాట్లాడే ధైర్యం ఉండదు. ఆ మౌనాన్ని నాయకులు సమ్మతిగా లెక్కేసుకుంటారు.

కాత్తాన్‌కుడిలో ముందే తెలిసింది

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. చర్చిల్లో, హోటళ్లలో జరిగిన ఆత్మాహుతి దాడుల్లో 260 మందికి పైగా చనిపోయారు. ముఠా నాయకుడు జహ్రాన్ హాషిం తూర్పు తీరంలోని కాత్తాన్‌కుడివాడు. అతని తొలి బాధితులు క్రైస్తవులు కారు, బౌద్ధులూ కారు. తన ఊళ్లోని సూఫీ ముస్లింలు. వాళ్లు అసలైన ముస్లింలు కారని ప్రచారం చేసి, 2017లో ఘర్షణకు దిగాడు. ఊరి ముస్లింలు అతని మీద అధికారులకు ఫిర్యాదులు చేశారు. పట్టించుకున్నవారు లేరు. ‘ముస్లింలంటే అందరూ ఒకటే’ అనుకునే రాజ్యానికి, ముస్లింలలోనే ఒకరు మరొకరి గురించి చేసిన హెచ్చరిక వినబడలేదు. ఈస్టర్ దాడులకు ఏడాది ముందు, 2018 మార్చిలో, కండీ జిల్లా దిగనలో ఫేస్‌బుక్ పుకార్ల మధ్య సింహళ మూకలు ముస్లింల ఇళ్లు తగలబెట్టాయి. ఆ అల్లర్లలో తన వేదిక పాత్రకు ఫేస్‌బుక్ తర్వాత క్షమాపణ చెప్పింది.

2022లో ఆర్థికంగా కుప్పకూలిన దేశంలో గాల్ ఫేస్ దగ్గర గుడారాలేసుకున్న యువత మే 18న, 2009లో చనిపోయిన తమిళుల స్మృతిలో, యుద్ధం ముగిసిన ఊరి పేరుతో పిలిచే ముల్లివాయ్‌క్కాల్ గంజి పంచింది. సింహళ యువకులూ, భిక్షువులూ ఆ గంజి తాగారు. వారిని ద్రోహులన్నవారు అప్పుడూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో జేవీపీ నాయకుడు అనుర కుమార దిసనాయకే అధ్యక్షుడయ్యాడు. నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమి జాఫ్నా జిల్లాలో సైతం ఆరింట మూడు సీట్లు గెలిచింది. ప్రాంతాలకు అధికారాలిచ్చే ఒప్పందాన్ని సమర్థించాడని ఒకప్పుడు విజయ కుమారతుంగను పొట్టనబెట్టుకున్న పార్టీకి, ఇప్పుడు తమిళ ప్రాంతాల ఓట్లు పడ్డాయి. ఆ ఒప్పందంతో పుట్టిన ప్రొవిన్షియల్ కౌన్సిళ్లకు మాత్రం 2014 తర్వాత ఎన్నికలే జరగలేదు. 1957లో బండారనాయకే, చెల్వనాయకం సంతకాలు పెట్టింది ఇలాంటి మండళ్ల కోసమే. ఈ ప్రభుత్వం వాటికి ఎన్నికలు పెట్టిన రోజున దక్షిణాన ఎవరో ఒకరు ద్రోహమని లేస్తారు. అప్పుడు సింహళుల్లోంచి ఎంతమంది లేచి కాదంటారన్నదాని మీదే తర్వాతి కథ ఆధారపడి ఉంది.